ఆరు గడియల కాశీ

పోయిన ఏడాది అమ్మని కాశీ తీసుకెళ్దామని ఫోన్లో వెతికాను. చెన్నై, వారణాసి అని రెండు పేర్లు కొట్టగానే జవాబు వచ్చేసింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానమైతే రెండుంపావు, రెండున్నర గంటల మధ్య. అదే అమ్మకి చెప్పాను.

"అంతేనా?" అంది. సంతోషపడుతుందనుకున్నాను. ఏదో తక్కువైనట్టుగా అంది.

"మా అమ్మమ్మ కాశీ వెళ్ళేముందు ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పొచ్చిందిట. అప్పులు తీర్చేసి, ఉన్న రెండు నగలూ కూతుళ్ళకి పంచేసి మరీ బయల్దేరింది. మనం పొద్దున్న ఇడ్లీ తిని వెళ్తే మధ్యాహ్నం భోజనానికి కాశీలో ఉంటామన్నమాట."

రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలంటే పాత లెక్కలో సరిగ్గా ఆరు గడియలు. ఒక జాముకి ఏడున్నర గడియలు. అంటే కాశీ ఇప్పుడు మనకి జాము దూరం కూడా కాదు. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెత పుట్టిన భాషలో ఇది చిన్న మార్పేమీ కాదు. తెలుగు పెళ్ళిళ్ళలో వరుడు గొడుగు పట్టుకుని, కొత్త చెప్పులేసుకుని కాశీకి బయల్దేరతాడు. బావమరిది గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి, బతిమాలి వెనక్కి తెస్తాడు. పది అడుగుల ఆ కాశీయాత్రలో హాస్యం ఉందిగానీ, దాని అడుగున ఒక భయం కూడా ఉంది. అటు వెళ్ళినవాడు తిరిగిరాడన్న భయం. ఇప్పుడు ఆ పెళ్ళికొడుకు నిజంగానే వెళ్ళినా రాత్రి విందుకి వచ్చేయొచ్చు.

రెండు ఊళ్ళ మధ్య దూరం మారదు. మద్రాసు, కాశీ రెండూ ఉన్నచోటే ఉన్నాయి. మరి ఏది తగ్గింది? ఎవరికి తగ్గింది? ఫోన్ చెప్పిన ఆ ఒక్క వాక్యం వెనక రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులోని కొన్ని మజిలీల కథ ఇది.

*

మొదట కొలతల సంగతి. మన పాత భాషలో దూరాన్ని శరీరంతోనే కొలిచేవాళ్ళు. జాన, బెత్తెడు, మూర, బార. అవి చాలనిచోట గొంతుతో. కూతవేటు దూరం, పిలుపు దూరం. సంస్కృతంలో 'క్రోశం' అంటే అరుపు. అరిస్తే వినిపించేంత దూరం అన్న అర్థం నుంచే అది కొలత అయింది. మన క్రోసు అదే, హిందీవాళ్ళ కోసు అదే. ఆక్రోశంలో ఉన్నదీ అదే మాట. సుమారు రెండు మైళ్ళు ఒక క్రోసు, నాలుగు క్రోసులు ఒక ఆమడ. 'సుమారు' అని ఎందుకంటున్నానంటే, ఆ క్రోసు ఒక్కో సీమలో ఒక్కోలా ఉండేది. ఆమడంటే ఎనిమిది మైళ్ళనేవాళ్ళూ ఉన్నారు, పది అనేవాళ్ళూ ఉన్నారు.

ఇంకా దూరప్రయాణమైతే మజిలీల్లో లెక్క. మజిలీ మన మాట కాదు, 'మంజిల్' అనే అరబ్బీ మాట ఉర్దూ మీదుగా వచ్చి మనదైంది. రాత్రికి ఆగే చోటు అని అర్థం. "కాశీ ఎంత దూరం?" అని అడిగితే "ఇన్ని మజిలీలు" అని చెప్పేవాళ్ళు. అంటే దూరాన్ని రాత్రులతో కొలవడం. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన 'కాశీ మజిలీ కథలు' ఈ లెక్క మీదే నిలబడింది. యతితో కాశీకి నడిచే గోపకుమారుడి షరతు ఒక్కటే, ప్రతి మజిలీలోనూ ఒక కథ చెప్పాలి. దారి ఎంత పొడవో కథలు అన్ని. ఆరు గడియల విమానంలో ఆ కుర్రాడు కూర్చుంటే ఒక కథ కూడా పూర్తికాదు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పేసరికే సగం సమయం అయిపోతుంది.

*

మద్రాసు నుంచి కాశీకి నిజంగా నేల మీద వెళ్ళి, ఆ దారి మొత్తాన్ని తెలుగులో రాసిపెట్టిన మనిషి ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసులో బయల్దేరాడు. మళ్ళీ మద్రాసు చేరింది 1831 సెప్టెంబర్ 3న. లెక్కేస్తే 473 రోజులు. ఇది కాశీకి వెళ్ళడానికి మాత్రమే పట్టిన కాలం కాదని చెప్పాలి. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ. అక్కణ్ణుంచి గయ, కలకత్తా. తిరుగుదారిలో పూరీ జగన్నాథం, ఉత్తరాంధ్ర, గోదావరి, నెల్లూరు. మధ్యలో వారాలకి వారాలు ఆగిన ఊళ్ళున్నాయి. దారిలోనే వానాకాలం వచ్చి పడింది.

ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి దారి పొడుగునా రాసి పంపించాడు. ఆయన పోయాక, 1838లో అవి 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తెలుగులో తొలి యాత్రా రచనగా ఇప్పుడు అందరం చెప్పుకునేది దీన్నే. 1941లో దిగవల్లి వేంకట శివరావు మళ్ళీ వెలుగులోకి తెచ్చి ఉండకపోతే మనలో చాలామందికి ఆ పేరు కూడా తెలిసేది కాదేమో.

ఆ పుస్తకం చదువుతుంటే ఒక విషయం త్వరగా అర్థమవుతుంది. ఆయనకి దూరం అంటే అంకె కాదు. ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య దారి గులకరాళ్ళదా, ఇసకా, అడవా? నీళ్ళు బావివా, చెరువువా? అంగళ్ళున్నాయా? దిగడానికి చోటుందా? ఏరు దాటాలంటే పడవలుంటాయా? ఇవన్నీ కలిస్తేనే దూరం. ఆమడల లెక్క ఉంటుంది, కానీ ఆమడ ఒక్కటే చెప్తే ఏమీ చెప్పనట్టే. నున్నటి బాట మీద రెండు ఆమడలు ఒకటి, బురదలో రెండు ఆమడలు వేరు.

ఇంకో విషయం కొంచెం ఆలస్యంగా అర్థమవుతుంది. వీరాస్వామి కాశీకి 'నడిచి' వెళ్ళాడని మనం అలవాటుగా అనేస్తాం. ఆయన కుటుంబంతో, పరివారంతో, పల్లకీలతో వెళ్ళాడు. మొత్తం దాదాపు వందమంది. నడిచింది బోయీలు, మూటలు మోసిన కూలీలు, వంటవాళ్ళు, కాపలా జవాన్లు. మద్రాసు-కాశీ దూరం ఆ యజమానికి ఒక లెక్క, పల్లకీ కొమ్ము భుజాన ఉన్నవాడికి ఇంకో లెక్క. మనకి మిగిలింది మొదటి లెక్క. రెండోది ఎవరూ రాసిపెట్టలేదు.

*

వీరాస్వామి దారిలో ఉన్న కాలంలోనే, మద్రాసు నుంచే మొదలైన ఇంకో పని ఈ దేశం మీద వేరేరకం దూరాన్ని గీస్తోంది. వంకరటింకర బాటల్ని, ఏళ్ళని, అడవుల్ని పట్టించుకోని దూరం. ఇవాళ ఫోన్ మనకి చెప్పే 1,400 కిలోమీటర్లు ఆ జాతిదే.

1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ సరళరేఖని గొలుసుతో కొలిచాడు. దానికి 57 రోజులు పట్టింది. ఎండకి గొలుసు సాగితే ఎంత, చలికి ముడుచుకుంటే ఎంత అని కూడా లెక్క కట్టి మరీ కొలిచాడు. ఒక భుజం పొడవు కచ్చితంగా తెలిస్తే, దూరంగా కనిపించే ఏ కొండకైనా కోణాలు కొలిచి మిగిలిన రెండు భుజాలూ కాగితం మీదే తేల్చేయొచ్చు. ఆ త్రిభుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అలా దేశమంతా. కోణాలు కొలిచే థియోడొలైట్ బరువు దాదాపు అరటన్ను. దాన్ని కొండల మీదకీ గుళ్ళ గోపురాల మీదకీ ఎక్కించారు. ఎక్కించింది ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు.

లాంబ్టన్ చాలాకాలం హైదరాబాదు కేంద్రంగా పనిచేశాడు. 1818లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కుర్రాడు జార్జ్ ఎవరెస్ట్. తర్వాత హిమాలయ శిఖరానికి పెట్టింది ఈయన పేరే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్ మొదటి సర్వేకి వెళ్తే, వానల తర్వాత వచ్చిన జ్వరం ఆయన్నీ ఆయన మనుషుల్నీ పడగొట్టింది. హైదరాబాదు నుంచి డోలీలు పంపి మోసుకొచ్చారు. కొందరు దారిలోనే పోయారు. లాంబ్టన్ 1823లో నాగపూరు వెళ్ళే దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఎవరెస్ట్ ఆ కొలతని డెహ్రాడూన్ దాకా తీసుకెళ్ళి 1841లో ముగించాడు. కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదాల దాకా, 78వ రేఖాంశం వెంట, గీత గీసినట్టు.

సరళరేఖ దూరం అన్నది ఏ మనిషీ ప్రయాణించలేని దూరం. గరుత్మంతుడికి తప్ప ఎవరికీ పనికిరాదు. అయినా వందేళ్ళ తర్వాత రాబోయే విమానం కోసమే అన్నట్టు ముందే కొలిచిపెట్టారు. నిజానికి కొలిచింది విమానాల కోసం కాదు. కొత్తగా గెలిచిన భూమి ఎంత, దాని పన్నులెంత, సైన్యం ఎటు నడవాలి అన్నవాటి కోసం.

అదే 1802, అదే మద్రాసు. నుంగంబాకంలోని అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని లెక్కకట్టి, మద్రాసు గడియారం గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందుంటుందని తేల్చాడు. ఒకే ఏడాది, ఒకే ఊళ్ళో, ఊరికి ఈ చివర దూరానికీ ఆ చివర కాలానికీ కొలతలు దొరికాయి. విమానం టికెట్టు మీద ఈ రెండే కదా ఉండేది.

*

కాశీ మద్రాసుకి కొంచెం తూర్పున ఉంది. అందుకని అక్కడ మధ్యాహ్నం మనకన్నా దాదాపు 11 నిమిషాల ముందే అవుతుంది. నెలల తరబడి వెళ్ళిన వీరాస్వామికి ఈ 11 నిమిషాలతో పనేముంది? ఎక్కడి సూర్యుడు అక్కడే. రోజుకి ఒకటిన్నర ఆమడ నడిచే మనిషికి గడియారం దానంతటదే సర్దుకుంటుంది.

రైలొచ్చాక అలా కుదరలేదు. 1853లో బొంబాయి-ఠాణా, 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు. ఒక్కో ఊరికి ఒక్కో మధ్యాహ్నం ఉంటే ఒకే పట్టా మీద రెండు రైళ్ళు గుద్దుకుంటాయి. బొంబాయికీ కలకత్తాకీ మధ్యస్థంగా ఉందని రైల్వేలు మద్రాసు టైముని తీసుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే కాలం, గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. మద్రాసు గడియారాలు తొమ్మిది నిమిషాలు ముందుకి జరిగాయి. ఆ ప్రామాణిక రేఖాంశం ఇటు మన కాకినాడకి దగ్గర్లోంచి, అటు కాశీ పక్కన మీర్జాపూర్ దగ్గర్లోంచి పోతుంది. కలకత్తా మాత్రం 1948 దాకా తన పాత టైముని వదల్లేదు. బొంబాయి 1955 దాకా మొండికేసింది. సొంత మధ్యాహ్నాన్ని వదులుకోవడం అంత తేలిక కాదు మరి.

1887లో కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన వచ్చింది. నెలల ప్రయాణం రోజుల్లోకి కుంచించుకుపోయింది. గాంధీకి ఇది నచ్చలేదు. 1909లో రాసిన 'హింద్ స్వరాజ్'లో ఆయన ఫిర్యాదు ఇది: పూర్వం పుణ్యక్షేత్రాలకి కష్టపడి వెళ్ళేవాళ్ళు కాబట్టి నిజమైన భక్తులే వెళ్ళేవాళ్ళు. రైళ్ళొచ్చాక మోసగాళ్ళు కూడా సులువుగా చేరిపోతున్నారు.

మా అమ్మ "అంతేనా?" అన్నదాంట్లో కూడా ఇలాంటిదే ఏదో ఉంది. కష్టపడకపోతే కాశీ కాశీలా ఉండదని. కానీ నాకు ముత్తమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడ కాశీ చూసింది రైలు వల్లే. వంద మంది పరివారం, పల్లకీ, ఏడాది సెలవు, ఖర్చుకి డబ్బు, ఇవేవీ లేని ఒక పల్లెటూరి విధవరాలికి మూడో తరగతి టికెట్టు తప్ప కాశీకి వేరే దారే లేదు. రైలు రాకముందు కాశీ దూరంగా లేదు ఆవిడకి, అసలు లేదు. పవిత్రత తగ్గిందని బాధపడే హక్కు, అంతకుముందు వెళ్ళగలిగినవాళ్ళకే ఉంటుంది.

*

విమానం కథ మొదలైంది కూడా కాశీ దాపునే కావడం విచిత్రం. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో, అంటే ప్రయాగలో, హెన్రీ పెకే అనే ఫ్రెంచి కుర్రాడు ఒక చిన్న బైప్లేన్‌లో దాదాపు 6,500 ఉత్తరాలు వేసుకుని నది అవతల ఉన్న నైనీలో దిగాడు. సుమారు పది కిలోమీటర్లు, పదమూడు నిమిషాలు. ప్రపంచంలో అధికారికంగా మొదటి విమాన తపాలా అదే. త్రివేణీ సంగమంలో మునగడానికి జనం నెలలపాటు నడిచొచ్చిన చోట, ఉత్తరాలు అరగడియలో ఏరు దాటేశాయి.

మద్రాసుకి విమాన తపాలా 1932లో వచ్చింది. అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానం నడుపుకుంటూ అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగాడు. అక్కణ్ణుంచి నెవిల్ విన్‌సెంట్ ఆ ఉత్తరాల్ని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. లండన్ నుంచి కరాచీ దాకా వచ్చిన తపాలాకి ఇది కొనసాగింపు. అహ్మదాబాదులో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయట. విమానం వేగం ఎంతైనా దాని పెట్రోలు మాత్రం ఎద్దు నడకనే వచ్చింది. ఈ దేశంలో ఏ కొత్త వేగమైనా ఒక పాత వేగం భుజాల మీదే నిలబడుతుందేమో.

1945లో హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టింది. యుద్ధం మిగిల్చిన డకోటాలు బేగంపేట నుంచి ఎగిరాయి. 1949 జనవరిలో మొదలైన రాత్రి విమాన తపాలా కథ ఇంకా బాగుంటుంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, నాలుగు దిక్కుల నుంచీ నాలుగు డకోటాలు బయల్దేరి అర్ధరాత్రి దాటాక నాగపూరులో కలుసుకునేవి. సంచులు మార్చుకుని, ప్రయాణికుల్ని మార్చుకుని, తెల్లారేసరికి మళ్ళీ ఎవరి ఊరికి అవి. రాత్రి మద్రాసులో వేసిన ఉత్తరం పొద్దున్నకి ఢిల్లీలో. వీరాస్వామి ఆగిన నాగపూరే మళ్ళీ మజిలీ అయింది. దేశానికి నడుమ ఉన్న ఊరికి ఆ రాత తప్పదు.

1953 ఆగస్టులో ఈ కంపెనీలన్నీ కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. 1964లో దానికి కారవెల్ జెట్లు వచ్చాయి. డకోటా గంటకి మూడొందల కిలోమీటర్ల లోపే వెళ్ళేది. కారవెల్ ఎనిమిదొందలు దాటించింది.

ఆశ్చర్యం ఏమిటంటే, కథ అక్కడే ఆగిపోయింది. ఇవాళ మనం ఎక్కే విమానం కూడా ఇంచుమించు అదే వేగంతో పోతుంది. అరవై ఏళ్ళుగా గాల్లో ప్రయాణ కాలం తగ్గలేదు. 1,400 కిలోమీటర్లని 800తో భాగిస్తే గంటా నలభై ఐదు నిమిషాలు రావాలి. టికెట్టు మీద రెండుంపావు ఎందుకుంటుంది? చక్రం కదిలినప్పటి నుంచి మళ్ళీ ఆగేదాకా లెక్క వేస్తారు కాబట్టి. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, కిందికి దిగడం, దిగే ముందు క్యూలో చక్కర్లు కొట్టడం, ఆలస్యమైనా 'ఆన్ టైమ్' అనిపించుకోడానికి ముందే కలిపేసుకున్న నిమిషాలు. గాలి కూడా ఒక చెయ్యి వేస్తుంది. చలికాలంలో ఉత్తరాదిన పైనెక్కడో పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. అందుకే ఢిల్లీ నుంచి కలకత్తా వెళ్ళేటప్పుడు పట్టే సమయం కన్నా, తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ పడుతుంది. దూరం ఒకటే, వెళ్ళడం వేరు, రావడం వేరు.

నేల మీద కాలం మాత్రం పెరిగింది. బేగంపేట ఊరి మధ్యలో ఉండేది. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కి మారాక, హైదరాబాదులో చాలామందికి ఎయిర్‌పోర్టుకి చేరడమే ఒక ప్రయాణం. రెండు గంటల ముందు వెళ్ళాలి, బెల్టు విప్పాలి, లాప్‌టాప్ తియ్యాలి, నిలబడాలి. ఆరు గడియల కాశీకి ముందు ఆరు గడియలు, వెనక ఆరు గడియలు. ఫోన్ చెప్పే ప్రయాణ కాలంలో ఇవేవీ ఉండవు. వీరాస్వామి అయితే రాసేవాడు. దిగడానికి చోటుందా, నీళ్ళు దొరుకుతాయా, ఎంతకి దొరుకుతాయి అని.

*

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైంది. ఆ పథకంలో ఒక గంట విమాన ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకి, కొన్ని సీట్లని 2,500 రూపాయలకి అమ్మాలని అప్పట్లో నియమం ఉండేది. దూరాన్నీ కాలాన్నీ రూపాయల్లోకి ప్రభుత్వమే అనువదించి చెప్పిన సందర్భం అది. మొదటిరోజు ఎగిరిన వాటిల్లో సిమ్లా-ఢిల్లీతోపాటు మన కడప-హైదరాబాద్ కూడా ఉంది. వీరాస్వామి ఇటునుంచే కదా పోయాడు. హవాయి చెప్పులేసుకున్నవాళ్ళు కూడా విమానం ఎక్కాలన్నది అప్పుడు ప్రధాని చెప్పిన ఆశయం. వెక్కిరించాల్సిన మాట కాదది. మూడో తరగతి రైలు మా ముత్తమ్మమ్మకి ఏం చేసిందో, ఈ విమానం ఇంకెవరికో అదే చేసి ఉంటుంది.

కానీ మూడేళ్ళు తిరక్కుండానే, 2020 మార్చి చివర్లో, అన్ని దూరాలూ ఒక్కరాత్రిలో పాతబడిపోయాయి. విమానాలు ఆగాయి, రైళ్ళు ఆగాయి. దేశీయ విమానాలు మళ్ళీ ఎగిరింది మే 25న. ఆ రెండు నెలల్లో రోడ్ల మీద మనం ఏం చూశామో అందరికీ గుర్తుంది. భుజాన పిల్లలు, నెత్తిన మూటలు, అరిగిన హవాయి చెప్పులు. వలసకూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది. అప్పటికే ఎంతోమంది నడవడం మొదలుపెట్టి ఐదు వారాలైంది. రాత్రికి ఎక్కడ ఆగాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఏ ఊరు రానిస్తుంది, ఏ ఊరు తరిమేస్తుంది. 190 ఏళ్ళ తర్వాత ఈ దేశం మళ్ళీ మజిలీల్లో కొలుచుకుంది.

అందులో ఒక అమ్మాయి సంగతి చెప్పి ఆపేస్తాను. పన్నెండేళ్ళది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి మన ములుగు జిల్లాకి మిరపకాయలు ఏరడానికి వచ్చింది. పనులు ఆగిపోయాక, ఏప్రిల్ 15న, తనవాళ్ళతో కలిసి ఇంటికి నడక మొదలుపెట్టింది. రోడ్ల మీద ఆపేస్తారని అడవిదారి పట్టారు. మూడు రోజులు నడిచారు. వంద కిలోమీటర్లకు పైనే. 18వ తేదీన, ఇల్లు ఇంకా కొద్ది కిలోమీటర్లు ఉందనగా, చనిపోయింది.

ములుగు నుంచి బీజాపూర్‌కి విమాన దూరం ఎంతో ఎవరూ వెతకరు. వెతికితే వచ్చే అంకె చాలా చిన్నది. విమానానికి అది పైకెక్కి కిందికి దిగడానికి కూడా సరిపోని దూరం. ఎవరెస్ట్ మనుషులు జ్వరం వచ్చి పడిపోయిన కృష్ణా గోదావరుల మధ్య అడవులకి ఆ మిరపతోటలు మరీ దూరం కాదు. అప్పుడు హైదరాబాదు నుంచి డోలీలైనా వెళ్ళాయి.

కూతవేటు దూరం అని మన భాషలో ఉందని మొదట్లో చెప్పాను. ఒకరు పిలిస్తే ఇంకొకరికి వినిపించేంత దూరం. కొలతగా దాన్ని వదిలేసి చాలాకాలమైంది, ఇప్పుడు మనకి మీటర్లున్నాయి, నాటికల్ మైళ్ళున్నాయి, ఉపగ్రహాలున్నాయి. అయినా ఆ పాత కొలతలో ఒక మంచి గుణం ఉంది. దానికి ఇద్దరు మనుషులు కావాలి. పిలిచేవాళ్ళొకరు, వినేవాళ్ళొకరు.

మేం కాశీ వెళ్ళొచ్చాం. విమానంలోనే. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కింద గోదావరి కనిపిస్తుందా అని అడిగింది. మబ్బుగా ఉంది, కనిపించలేదు. కాసేపయ్యాక, "వాళ్ళంతా దీని మీదుగా నడిచే వెళ్ళారా?" అంది. అవునన్నాను. అందరూ కాదు, కొందరు మోయించుకుని వెళ్ళారు, మిగిలినవాళ్ళు మోస్తూ వెళ్ళారు అన్నాను. అమ్మ కిందికే చూస్తూ కూర్చుంది. ఈలోగా దిగుతున్నామని చెప్పారు.